ఆపితే మళ్ళీ మొదటి పాటే

నిద్రపోతోంది శ్యామసుందరి. నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక చెయ్యి దుప్పటి మీద, ఒకటి చెంప కింద. ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం సగం తిని మూతి తిప్పేసుకుంది, మిగిలింది నేనే తిన్నాను, అన్నం పారెయ్యడం నా వల్ల కాదు. పడుకోనీ. లేస్తే మళ్ళీ నీళ్ల గొడవ. ఇంకో గంటలో జెన్నీ వస్తుంది, ఈ వృద్ధుల హోమ్‌కి మేనేజరు, ఎంత చెడ్డ కబురైనా నవ్వుతూనే చెబుతుంది, మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు అలవాటైపోయింది. వచ్చి, మంచం చివర నిలబడి, మిస్టర్ రావ్, ఏమనుకున్నారు అంటుంది. నేను సరే అనాలి. సరే అంటే ఈ రాత్రి నుంచే మత్తు మాత్ర. మాత్ర వేస్తే లేవదు, లేవకపోతే పడదు, పడకపోతే ఎవరికీ పేచీ లేదు. మాత్ర వేసిన వాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాను కదా, అవతల హాల్లో, చుబుకం గుండెల మీదికి వాలిపోయి, టీవీలో ఫుటీ ఆట చూస్తూ పక్కవాళ్ళు కేకలు పెడుతున్నా కన్నెత్తని వాళ్ళు. నెలకల్లా వాళ్ళకి నడక పోతుంది. ఆ తర్వాత వెనక వింగులోకి మారుస్తారు, దానికి బయట నుంచి తాళం. పొద్దున మా అమ్మాయి శ్రీలేఖ ఆఫీసుకి రైలెక్కుతూ ఫోన్ చేసింది. “నాన్నా, ప్లీజ్, ఈసారి ఆర్గ్యూ చెయ్యకు. డాక్టర్ చెప్పింది విను. మళ్ళీ పడితే హిప్ పోతుంది, అప్పుడు ఏం చేస్తాం చెప్పు?” ఏం చేస్తాం.

బయట గాలి. టార్నీట్‌లో, ఈ పరాయి దేశపు కొత్త ఊళ్ళో, చలికాలం అంటే గాలే, చెట్లు ఇంకా ఎదగని ఊరు, అడ్డూ ఆపూ లేదు, బస్సు దిగి హోమ్ గేటు దాకా వచ్చేసరికి చెవులు ఊడిపడతాయేమో అనిపిస్తుంది. గదిలో మాత్రం వేడి, ఫినాయిలు లాంటిదేదో పువ్వుల వాసన, కిటికీ బయట కార్ల పార్కింగు. మంచం పక్క బల్ల మీద నీళ్ల జగ్గు, పళ్ళసెట్టు డబ్బా, శ్రీలేఖ పెట్టిన ప్లాస్టిక్ పూల కుండీ, నేను కొన్న పాటల ప్లేయరు. అగ్గిపెట్టెంత ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కాస్త గర్వంగా ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. కరెంటు ఆఫీసులో నా సర్వీసు సగం స్టోర్స్‌లోనే గడిచింది, ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఫ్యూజు తీగ దాకా నా చేతి మీదుగా కొన్నవే, ఏది కొన్నా లాభం ఒక పక్కన, నష్టం ఒక పక్కన పెట్టి చూడటం అప్పుడు పట్టుకున్న జబ్బు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అలాగే చూశారు అని శ్యామసుందరి దెప్పేది. నష్టం గడిలో ఏం రాశారో చెప్పండి అనేది. ఏమీ రాయలేదే అంటే నమ్మేది కాదు. ఇప్పుడు చెప్పినా అర్థం కాదు.

ఈ ప్లేయరు కంటే ముందు శ్రీలేఖ పెద్ద పలక లాంటి టాబ్లెట్ తెచ్చి పెట్టింది, తెలుగు పాటలన్నీ అందులోనే ఉన్నాయి నాన్నా అంటూ. ఉన్నాయి, పాటకీ పాటకీ మధ్య ప్రకటనలు కూడా ఉన్నాయి. ఎవరో అమ్మాయి తెర మీదికొచ్చి నవ్వుతూ ఏదో అమ్మజూపేది, ఈవిడ లేచి కూర్చుని, రామ్మా, ఎప్పుడొచ్చావు, కాఫీ తాగుతావా అని అడిగేది, ఆ అమ్మాయి జవాబు చెప్పకుండానే మాయమైపోయేది, ఈవిడ మొహం చిన్నబోయేది. అది చూడలేక ఆ పలకని ఇంటికి పట్టుకుపోయి, షాపింగ్ సెంటర్లో అన్నిటికన్నా చవకది ఏదని అడిగి మరీ ఇది కొన్నాను. లాభాలు చూడండి. తెర లేదు, పగలదు. నెట్ అక్కర్లేదు. ప్రకటనల పీడ లేదు. ఎవరూ ఫోన్ చెయ్యరు, పొరపాటున ఈవిడా ఎవరికీ చెయ్యదు. దొంగ కూడా వద్దనుకుని వదిలేసిపోతాడు. వచ్చే పోయే ఏ పిల్లయినా నొక్కగలిగిన ఒకే ఒక్క బొత్తాం. నష్టాలూ ఉన్నాయి, లేవని ఎవరన్నారు, చవక చవకే కదా. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఛార్జింగు ఊరికే అయిపోతుంది. ఏ పాట ఉందో కనబడదు. అన్నిటికన్నా చిరాకు పుట్టించేది ఇంకోటుంది, ఆపితే ఎక్కడ ఆపామో దానికి గుర్తుండదు. మళ్ళీ నొక్కితే మళ్ళీ మొదటి పాటే. ఆ సంగతి చెప్పినప్పుడు శ్రీలేఖ పకపకా నవ్వింది, “అమ్మకి కరెక్ట్‌గా సరిపోయింది నాన్నా” అంది, అన్నాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను ఓదార్చలేదు. ఓదార్చడం ఈ ఇంట్లో ఎప్పుడూ వాళ్ళమ్మ డిపార్టుమెంటు.

మొదటి పాట ఏది పెట్టమంటావు అని అడిగింది శ్రీలేఖ కంప్యూటర్ ముందు కూర్చుని. అందులో ఆలోచించేదేముంది. మేలుకొలుపు. దేవుణ్ణి నిద్రలేపే పాటతోనే కదా మన ఇళ్ళల్లో ఏదైనా మొదలయ్యేది. ఆ తర్వాత పాత సినిమా పాటలు, పద్యాలు, చివర్లో ఒక హరికథ. పెద్దావిడకి మనశ్శాంతి, పుణ్యం పురుషార్థం. పాటలు పెట్టగానే ఆమె కళ్ళు తెరిచి విన్నది మొదటిరోజు, నాకు జ్ఞాపకం, ఎవరో పిలిచినట్టు తల ఎత్తి విన్నది. చూశావా, గుర్తుపట్టింది అని మేమిద్దరం పొంగిపోయాం. ఛార్జింగు ఊరికే అయిపోతుంది కదా, అందుకని నేనొక కాగితం మీద పెద్ద అక్షరాలతో, వినకపోతే ఆపెయ్యండి దయచేసి అని ఇంగ్లీషులో రాసి గోడకి అంటించాను కూడా. సంతకం పెట్టబోయి ఆగాను. సర్వీసు అలవాటు.

నీళ్ల పిచ్చి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఆకురాలే కాలంలో అనుకుంటా. బాత్రూములో కుళాయి తిప్పేసి, గ్లాసు, జగ్గు, పళ్ళసెట్టు డబ్బా, పూల కుండీ, ఆఖరికి చెత్తబుట్ట, ఏది దొరికితే అది నింపి వరసగా నేల మీద పేర్చేది. గది నిండా నీళ్లు. వీళ్ళు బాత్రూము కుళాయికి నీళ్లు కట్టేశారు. కట్టేస్తే పక్కగది మరియా దగ్గరికి వెళ్ళింది, ఆ ఇటలీ ముసలావిడ స్నానం చేస్తుంటే వెళ్ళి ఆమె కుళాయి కింద చెత్తబుట్ట పెట్టింది, ఆవిడ పెట్టిన కేకకి హోమంతా లేచి వచ్చింది. తర్వాత గుమ్మం దగ్గర నీళ్లు పోసి అందులోనే జారి పడింది, నుదురు చిట్లింది. కట్టు తీసేశారు గాని మచ్చ ఉంది, ఇదిగో, బొట్టు పెట్టుకునే చోటుకి కాస్త పైన. సిగ్గేసేది నాకు. చెప్పుకోకూడదు, భార్య జబ్బుకి సిగ్గుపడే వాడు మనిషే కాదు, కాని పడ్డాను. ఎంత నెమ్మదైన మనిషి, గట్టిగా తలుపు కూడా వెయ్యని మనిషి, పరాయి వాళ్ళ గదుల్లో జొరబడి నీళ్లు దొంగిలించడం ఏమిటి. జబ్బు, జబ్బు, జబ్బు అనుకున్నాను. డాక్టరూ అదే అన్నది, కొంచెం పొడుగ్గా.

తలుపు సందులోంచి సింధుజ తల పెట్టింది. కరీంనగర్ పిల్ల, చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఉండిపోయి ఈ పని చేస్తోంది, ఈ హోమ్‌లో తెలుగు మాట వినిపించేది ఆ పిల్ల నోటే.

“అంకుల్, ఆంటీ పడుకున్నదా? హమ్మయ్య. పొద్దుగాల్నుంచి ఎన్నిసార్లు లేచిందో తెల్వది. లేచినప్పుడల్లా మ్యూజిక్ పెట్టిన. పెట్టంగనే జర సల్లగైతది, ఇంటది, నేను అటు పోంగనే మళ్ల లేస్తది.”

“ఆపుతున్నావా అమ్మా మరి? ఊరికే మోగుతూ వదిలెయ్యట్లేదు కదా?”

“అయ్యో, ఆపుతున్న అంకుల్, మీ నోట్ ఉన్నది కదా. లేవంగనే ఆపుత, పండవెట్టి మళ్ల పెడ్త. ఈ ఆఫ్టర్నూన్ మేం ఇద్దరమే ఉన్నం, ఇట్స్ క్రేజీ.”

వెళ్ళిపోయింది. మంచి పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, మా ఆఫీసులో అలాంటి వాళ్ళు ఒకరిద్దరుంటే ఎంత బాగుపడేది. సరే అందామా మాత్రకి. అనేస్తే అయిపోతుంది. నేనూ రోజూ ఈ గాలిలో బస్సుల కోసం నిలబడలేకపోతున్నాను, మోకాళ్ళు ఇంక నావి కావు. పడుకుని ఉన్న మనిషి దగ్గర కూర్చోవడం తేలిక. చాలా తేలిక. ఛీ, ఏం ఆలోచన. కాసేపు పాట వింటే నయం అనుకుని ప్లేయరు చేతిలోకి తీసుకున్నాను, ఆమె నిద్ర చెడకుండా బాగా చిన్నగా పెట్టి, ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ వెనక్కి వాలి, బొత్తాం నొక్కి కళ్ళు మూసుకున్నాను.

మేలుకొలుపు మొదలైంది. ఎంత డొక్కు డబ్బాలోంచి వచ్చినా ఆ పాట ఆ పాటే. ఒంగోల్లో మా క్వార్టర్సు వీధి చివర గుడిలో మైకు పెట్టేవారు, ఇంకా చీకటి ఉండగానే, ముందు గరగరమని ఒక చప్పుడు, ఆ తర్వాత ఈ పాట. నాకు మెలకువ వచ్చేది గాని పూర్తిగా కాదు, ఆ సగం మెలకువ ఉంది చూడండి, దానికి సాటి సుఖం నాకు మళ్ళీ దొరకలేదు. దుప్పటి ముసుగు లాక్కుని పక్కకి ఒత్తిగిలేవాణ్ణి. పాట ఎక్కడో పైన సాగుతుండేది, కింద ఇంట్లో చప్పుళ్ళు ఒక్కొక్కటే మొదలయ్యేవి. కుళాయి బుస కొట్టడం. బిందె అడుగున నీళ్ల మోత, నిండే కొద్దీ ఆ మోత సన్నబడటం, బిందె మారినప్పుడు మళ్ళీ మొదలు. చీపురు చప్పుడు. వాకిట్లో కళ్లాపి చల్లిన చప్పుడు, దాని వెంటే తడిమట్టి వాసన కిటికీలోంచి. కిరసనాయిలు స్టవ్వు పంపు కొట్టడం. చివరికి కాఫీ వాసన, పాట అయిపోయేసరికి అది మంచం దాకా వచ్చేది, నేను అప్పుడు లేచేవాణ్ణి, గ్లాసు చేతికొచ్చేది. నాకు ఆ పాటలో దేవుడు ఎన్నడూ కనబడలేదు, నిజం చెబితే కాఫీయే కనబడేది. ఆ పాట వింటే ఇప్పటికీ ప్రపంచమంతా నన్ను కాస్త సేపు పడుకోమంటున్నట్టే ఉంటుంది. ఈ గాలి ఊళ్ళో, ఈ పువ్వుల ఫినాయిలు వాసనలో, ఆ దుప్పటి కిందికి పోవడానికి నాకున్న దారి ఇదొక్కటే. అందుకేనేమో మొదటిగా ఇదే పెట్టించాను.

మంచం కిర్రుమంది. కళ్ళు తెరిచాను. శ్యామసుందరి లేచి కూర్చుంది. నిద్రలేచిన మనిషిలా లేదు, ఆలస్యమైపోయిన మనిషిలా ఉంది. దుప్పటి తోసేసి, కాళ్ళు కిందికి దింపి, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి నాలుగు వెంట్రుకల జుట్టుని గబగబా ముడేసింది. స్వెట్టరు అంచు పట్టుకుని, కొంగు దోపినట్టు నడుం దగ్గర దోపుకుంది. నన్ను చూడలేదు. జగ్గులో నీళ్లు గ్లాసులోకి ఒంపి, ఖాళీ జగ్గు, పూల కుండీ రెండు చేతుల్లో పట్టుకుని బాత్రూములోకి పోయింది, పరుగులాంటి నడక, ఈ కాళ్ళతో. కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు రాలేదు. మళ్ళీ తిప్పింది. “అయ్యో, పోయినయ్యి,” అంది లోపలి నుంచి, “ఇవాళ్టికి నీళ్లు పోయినయ్యి.” ఆ గొంతులో భయం ఉంది. నా ఒళ్ళో పాట సాగుతోంది.

ఒంగోల్లో అరగంటే కదా నీళ్లు వచ్చేవి. మైకు మొదలైతే కుళాయి వచ్చినట్టు, పాట అయ్యేసరికి ధార సన్నబడి ఆగిపోయేది, ఆ లోపల తాగే నీళ్లు, వంట నీళ్లు, మా అమ్మ మడి నీళ్లు, నా స్నానం నీళ్లు, అన్నీ పట్టెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ రోజంతా వీధి చివర బోరింగు దగ్గర లైనులో నిలబడాలి, మా అమ్మ చేత మాటలు పడాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నేనెప్పుడైనా చూశానా. ఇంత సేపూ కళ్ళు మూసుకుని నేను విన్నవి చప్పుళ్ళా? ఆ చప్పుళ్ళన్నీ ఈ మనిషే. నేను ముసుగు తన్ని చప్పుళ్ళు విన్నాను, ఆ ముసుగు అవతల ఈవిడ ఇలా జుట్టు ముడేసుకుని, ఇలా దోపుకుని, ఇదే మొహంతో పరుగెత్తింది, ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని నేను ఈ మధ్యాహ్నం మొదటిసారి చూస్తున్నాను. దీనికి పిచ్చి అని పేరు పెట్టాను. పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు తెల్లవారించాం ఈవిడకి? నొక్కినప్పుడల్లా మేలుకొలుపు, మేలుకొలుపు వింటే లేవాలి, లేస్తే ఆపుతారు, పడుకోబెట్టి మళ్ళీ నొక్కుతారు, మళ్ళీ తెల్లవారుతుంది. సినిమా పాటల దాకా కూడా ఎప్పుడూ పోనిచ్చి ఉండరు. ఆపెయ్యండి దయచేసి అని గోడ మీద రాసిపెట్టింది నేను. తెల్లవారిన ప్రతిసారీ ఈవిడ కుళాయి దగ్గరికి పరుగెత్తింది, ప్రతిసారీ నీళ్లు రాలేదు.

బొత్తాం నొక్కి ఆపాను. ఈలోగా ఆమె బయటికొచ్చి, బల్ల మీది గ్లాసు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి వంగింది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, కుడిచేత్తో నీళ్లు తీసి అర్ధచంద్రంగా చల్లింది, ఎంత ఒడుపుగా, చుక్క చుక్క విడివిడిగా, కార్పెట్టు అంచు మీద, గడప లేని ఆ గుమ్మం మీద. సరిగ్గా అప్పుడే జెన్నీ వచ్చి ఆ నీళ్ల ముందు ఆగింది. వెనకాల సింధుజ మాపు కోసం పరుగెత్తింది. “ఓ శ్యామా, నాట్ అగైన్, డార్లింగ్,” అని, జెన్నీ నా వైపు తిరిగి నెమ్మదిగా, “మిస్టర్ రావ్, ఇదే నేను చెప్పేది. మాత్ర సంగతి ఏం ఆలోచించారు?” అంది తన ఇంగ్లీషులో.

“మాత్ర వద్దు,” అన్నాను. “ఆమెకి ఇది జబ్బు కాదు. పని. పనికి ఆలస్యమైందని కంగారు.”

“ఏం పని? ఆమె ఉద్యోగం చేసేదని నాకు తెలియదే.”

ఏం చెప్పను. జీవితమంతా ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిన వాణ్ణి, వాకిలి అనే మాట దొరకలేదు, బిందె దొరకలేదు, కళ్లాపి అసలే లేదు. ఈ పాట, తెల్లవారుజాము, నీళ్లు అరగంటే, అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. ప్లేయరు చూపించాను, ఆపి, నొక్కి, అదిగో మళ్ళీ అదే పాట అని వినిపించబోయి, శ్యామసుందరి తల ఎత్తడం చూసి ఠక్కున ఆపేశాను. జెన్నీ కూడా ఆ తల ఎత్తడం చూసింది. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లేదు. “ఒక వారం,” అంది చివరికి. “ఈ పాట లేకుండా ఒక వారం చూద్దాం. కాని మిస్టర్ రావ్, వారం తర్వాత కూడా లేస్తూనే ఉంటే, నేను ఈ మాట మళ్ళీ అడగాల్సి వస్తుంది.” నాకు తెలుసు. పాట ఆపినంత మాత్రాన ఇన్నేళ్ళ భయం పోతుందని ఎవరు హామీ ఇస్తారు. గోడ మీది కాగితం పీకి నలిపి జేబులో పెట్టుకున్నాను. సింధుజ తుడిచేసి, నా వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

ఆమె ఇంకా మంచం పక్కనే నిలబడి ఉంది, కడ్డీ పట్టుకుని, స్వెట్టరు దోపు అలాగే ఉంది, కళ్ళు బాత్రూము వైపు. “ఏమోయ్, కూర్చో,” అన్నాను. తిరగలేదు. ఆ పిలుపుకి ఇప్పుడు తిరగడం లేదు, చాలా రోజులైంది. “నీళ్లు పట్టేశానమ్మా,” అన్నాను, “బిందెలన్నీ నిండాయి. వాకిలి కూడా అయిపోయింది.”

తిరిగి చూసింది. “అన్నీ నిండినయ్యా? గంగాళం కూడానా?”

“గంగాళం కూడా.”

భుజాల మీద లేని కొంగు సర్దుకుంది. “అయ్యో, మీకెందుకండీ అన్నయ్యగారూ ఈ శ్రమ,” అంది. ఎదురింటి ఆయనో, మేడ మీద ఆయనో, నన్ను ఎవరనుకుందో తెలియదు. కడ్డీ వదిలి మంచం మీద మెల్లగా కూర్చుంది, కూర్చున్నాక ఒళ్ళంతా ఒక్కసారి బరువెక్కినట్టు వంగిపోయింది. అరచేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. తర్వాత తలుపు వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసి, నా వైపు వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

“మావారు లేచారా?”

“లేదు. ఇంకా లేవలేదు.”

“అయితే ఒక్క క్షణం నడుం వాలుస్తాను. ఒళ్ళు తేలిపోతోంది.” పడుకుంది, మోకాళ్ళు ముడుచుకుని, మంచంలో అంచున, ఇంకెవరికో చోటు వదిలినట్టు. కళ్ళు మూయబోయి మళ్ళీ తెరిచింది. “ఆయనతో అనకండేం, అన్నయ్యగారూ.”

“అననమ్మా,” అన్నాను.